విద్యార్థి వ్యవహారాల్లో డాక్టరేట్: ఎందుకు, ఎప్పుడు, ఎవరి డబ్బుతో?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను, ఎక్కడైనా పొరపాటు పడితే సరిదిద్దండి. వరంగల్‌లో డిగ్రీ, అమెరికాలో ఉన్నత విద్య నిర్వహణలో మాస్టర్స్ చేశారు. నాలుగేళ్లుగా ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో హాస్టళ్లు చూసే విభాగంలో ఉద్యోగం, హెచ్‌-1బి వీసా. ఇక్కడివాళ్లు కాలేజ్ స్టూడెంట్ అఫైర్స్ అడ్మినిస్ట్రేషన్ అనే విద్యార్థి వ్యవహారాల నిర్వహణలో డాక్టరేట్ చేయాలని ఉంది. ఉద్యోగం మానేసి పూర్తికాలం పీహెచ్‌డీలో చేరాలా, పనిచేస్తూ ఎడ్.డి. (డాక్టర్ ఆఫ్ ఎడ్యుకేషన్) చేయాలా, రేపు హైదరాబాదు తిరిగి వెళితే దానికి విలువ ఉంటుందా అని అడిగారు. చివర్లో మీ నాన్నగారి మాట కూడా రాశారు: ‘హాస్టల్ వార్డెన్ పనికి డాక్టరేట్ దేనికిరా?’

సూటి జవాబు: చేయండి, కానీ ఇప్పుడే కాదు, ఉద్యోగం మానేసి కాదు, సొంత డబ్బుతో అసలే కాదు. ఇంకో రెండు మూడేళ్లు పనిచేయండి. మీ విశ్వవిద్యాలయం ఉద్యోగులకు ఫీజు మాఫీ ఇస్తుంటే అక్కడే సాయంత్రం తరగతులతో మొదలుపెట్టండి. నిర్వహణ పదవుల్లో పైకి వెళ్లడమే మీ ఉద్దేశమైతే ఎడ్.డి. చాలు. పాఠాలు చెప్పే ప్రొఫెసరు కావాలనుకుంటే మాత్రం పూర్తికాలం పీహెచ్‌డీ తప్పదు. వీటన్నింటికన్నా ముఖ్యమైన షరతు ఇంకొకటుంది. మీ పనిలోంచి పుట్టి మిమ్మల్ని వదలకుండా వెంటపడే ప్రశ్న ఒకటి మీ దగ్గర ఉండాలి. అది లేకుండా చేరినవాళ్లు ఎక్కడ ఆగిపోతారో కింద చెబుతాను.

నా సంగతి రెండు ముక్కల్లో. ఈ పనిలో 19 ఏళ్లయింది. మొదట మీలాగే హాస్టల్లో, తరువాత విదేశీ విద్యార్థుల కార్యాలయంలో, ఇప్పుడు డీన్ కార్యాలయంలో. ఉద్యోగం చేస్తూ, మధ్యలో ఒక బిడ్డను కని, ఆరున్నరేళ్లలో పీహెచ్‌డీ ముగించాను. ఇప్పుడైతే ఎడ్.డి. చేసి ఉండేదాన్నేమో. కొత్తవాళ్లను ఎంపిక చేసే కమిటీల్లో చాలాసార్లు కూర్చున్నాను కాబట్టి బల్లకు అటువైపు ఏం మాట్లాడుకుంటారో కూడా తెలుసు.

ముందుగా మీ నాన్నగారి ప్రశ్న. మా ఇంట్లోనూ అదే ప్రశ్న. విజయవాడలో మా పెద్దనాన్న ఇప్పటికీ నన్ను బంధువులకు ‘అమెరికాలో వార్డెను’ అనే పరిచయం చేస్తారు. నేను సరిదిద్దడం మానేసి చాలా కాలమైంది. ఆయన పొరపాటులోనూ న్యాయం ఉంది. మన దగ్గర విద్యార్థి వ్యవహారాల డీన్ అంటే ఒక ప్రొఫెసరుగారికి కొన్నేళ్లపాటు అప్పగించే అదనపు బాధ్యత. సివిల్ ఇంజనీరింగ్ పాఠాలు చెప్పుకుంటూనే మెస్ గొడవలు, ర్యాగింగ్ ఫిర్యాదులు చూస్తారు. అమెరికాలోనూ మొదట్లో అంతే. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1909లో మగపిల్లల డీన్ అయిన థామస్ ఆర్కిల్ క్లార్క్ కూడా అలా బోధన నుంచి వచ్చినవాడే.

దాన్ని విడి వృత్తిగా మార్చినవి ముఖ్యంగా రెండు. ఒకటి 1937లో అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ వెలువరించిన ప్రకటన. విద్యార్థి అంటే మార్కులు తెచ్చుకునే బుర్ర మాత్రమే కాదు, అతని ఆరోగ్యం, స్నేహాలు, డబ్బు ఇబ్బందులు, నడవడి అన్నీ కళాశాల బాధ్యతే అని అది చెప్పింది. రెండోది న్యాయస్థానం. 1960లో అలబామాలో భోజనశాల వద్ద నిరసనలో పాల్గొన్న నల్లజాతి విద్యార్థులను వారి కళాశాల విచారణ లేకుండా బహిష్కరించింది. ప్రభుత్వ కళాశాల ముందుగా నోటీసు ఇచ్చి వాదన వినకుండా విద్యార్థిని వెళ్లగొట్టకూడదని 1961లో డిక్సన్ కేసులో అప్పీలు కోర్టు తేల్చింది. తల్లిదండ్రుల స్థానంలో కళాశాల ఉంటుందనీ, కొట్టినా తిట్టినా అడిగేవాడు లేడనీ అనుకునే రోజులు అక్కడితో పోయాయి. ఆ తరువాత 1972లో లింగ వివక్షను నిషేధించే టైటిల్ నైన్, 1974లో విద్యార్థి రికార్డుల గోప్యతను కాపాడే ఫెర్పా, 1990లో ప్రాంగణ నేరాల వివరాలు బయటపెట్టమనే క్లీరీ చట్టం. దీంతో ఇది ఒక ప్రొఫెసరు ఖాళీ సమయంలో చూసుకునే పని కాకుండా పోయింది. కాబట్టి మీ నాన్నగారికి ఇలా చెప్పండి: వార్డెన్ పనికి డాక్టరేట్ అక్కరలేదు, నిజమే. వార్డెన్లు ఎలా పనిచేయాలో నిర్ణయించే కుర్చీకి మాత్రం అడుగుతున్నారు.

ఆ కుర్చీ దాకా ఎంత దూరమో కూడా చూద్దాం. మా కమిటీలకు వచ్చే ప్రకటనల్లో సహాయ డైరెక్టరు, డైరెక్టరు స్థాయి వరకు మాస్టర్స్ ఉంటే చాలు. ‘డాక్టరేట్ ఉంటే మంచిది’ అన్న వాక్యం ఉంటుంది, దాన్ని చూసి భయపడకండి. ఆ స్థాయిలో మేము మొదట అడిగేది, ఎంతమంది సిబ్బందిని చూశారు, ఎంత బడ్జెట్ నడిపారు, గడ్డురాత్రి ఒకటి వస్తే ఏం చేశారు అని. డీన్, ఉపాధ్యక్ష పదవుల దగ్గర లెక్క మారుతుంది. అక్కడ అధ్యాపకుల సంఘంతో, పాలకమండలితో ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. పేరు ముందు ‘డాక్టర్’ లేనివాడి మాటను కొందరు ప్రొఫెసర్లు సగమే వింటారు. ఇది అన్యాయమే, నేను కళ్లారా చూశాను కూడా. అయితే నాలుగేళ్ల అనుభవంతో డాక్టరేట్ తెచ్చుకున్నవాడికి ఆ పదవులు ఎవరూ ఇవ్వరు. చిన్న ఉద్యోగాలకు వెళితే ‘ఇతను ఇక్కడ ఉంటాడా’ అని అనుమానపడతారు. నాతో పాటు మాస్టర్స్ చేసిన ఒకాయన వెంటనే పూర్తికాలం పీహెచ్‌డీలో చేరి ఐదేళ్లలో ముగించాడు. చాలా తెలివైనవాడు. బయటికి వచ్చాక ఆయనకు దొరికిన ఉద్యోగం, ఆ ఐదేళ్లలో మాస్టర్స్‌తోనే నేను చేరుకున్న మెట్టుకు ఒక మెట్టు కింద ఉంది.

ఇక పీహెచ్‌డీనా, ఎడ్.డి.నా. పుస్తకాల్లో రాసే తేడా తేలిక: పీహెచ్‌డీ కొత్త జ్ఞానం కోసం, ఎడ్.డి. వృత్తిలో ఉన్నవాళ్ల కోసం. ఆచరణలో ఈ గీత వంద ఏళ్లుగా అలుక్కుపోయే ఉంది. ఎడ్.డి.ని హార్వర్డ్ 1920 ప్రాంతంలో మొదలుపెట్టింది. చివరికి ఆ హార్వర్డే దాన్ని ఆపి పీహెచ్‌డీకి మారింది. మధ్యలో చాలా విశ్వవిద్యాలయాల్లో రెండు డిగ్రీలకీ అవే పాఠాలు, అదే రకం సిద్ధాంత వ్యాసం, పేరు మాత్రం వేరు. ఈ గందరగోళం సరిచేయడానికి 2007లో కార్నెగీ ప్రాజెక్ట్ పేరుతో కొన్ని విశ్వవిద్యాలయాలు కలిసి ఎడ్.డి.కి స్పష్టమైన రూపం ఇవ్వడం మొదలుపెట్టాయి. ఆ పద్ధతిలో నడిచేచోట మీరు పనిచేసే చోటి సమస్యనే తీసుకుని, దానికి ఒక మార్పు ప్రతిపాదించి, చేసి చూసి, ఫలితం రాస్తారు. ఉదాహరణకు మొదటి సెమిస్టరులోనే హాస్టల్ ఖాళీ చేసి వెళ్లిపోతున్న పిల్లల సమస్య. రాసింది అల్మారాలోకి వెళ్లకుండా మీ డైరెక్టరు బల్ల మీదకు వెళుతుంది.

కాబట్టి పేరు చూసి నిర్ణయించకండి, లోపల ఏముందో చూడండి. జార్జియా విశ్వవిద్యాలయం సంగతే తీసుకుంటే, ఏథెన్స్‌లో మీరు చెప్పిన పేరుతోనే పీహెచ్‌డీ ఉంది, పనిచేసేవారి కోసం విడిగా స్టూడెంట్ అఫైర్స్ లీడర్‌షిప్ అనే ఎడ్.డి. ఉంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో 1957 నుంచి ఉన్న ఉన్నత విద్యా అధ్యయన కేంద్రం ప్రధానంగా పరిశోధకులను తయారుచేసే చోటు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని ఎగ్జిక్యూటివ్ డాక్టరేట్ ఇప్పటికే పెద్ద పదవుల్లో ఉన్నవారికి, రెండేళ్లలో అయిపోయేలా కట్టింది. మూడూ మంచివే, మూడూ వేర్వేరు మనుషుల కోసం. మీరు ఇప్పుడున్న స్థితిలో మూడోది మీది కాదు. పీహెచ్‌డీ, ఎడ్.డి.ల మధ్య తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఆదివారం మధ్యాహ్నం ఎవరూ అడగకపోయినా పరిశోధన పత్రాలు చదవాలని మీకు అనిపిస్తుందా? అనిపిస్తే పీహెచ్‌డీ. ‘చదవగలను, అవసరమైతే’ అంటే ఎడ్.డి. సిగ్గుపడాల్సిన పని లేదు, మా డీన్‌గారిదీ ఎడ్.డి.యే.

ఇప్పుడు, మీ పనిలోంచి పుట్టాలన్న ఆ ప్రశ్న సంగతి. దీని దగ్గర కొంచెం ఎక్కువ సేపు ఆగుతాను.

విదేశీ విద్యార్థుల కార్యాలయంలో పనిచేస్తున్నప్పుడు ఫిబ్రవరిలో ఒక రాత్రి ఫోను మోగింది. వివరాలు కొన్ని మార్చి చెబుతున్నాను. ‘అమ్మా, మీరు మన తెలుగువాళ్లేనా? వెబ్‌సైటులో ఇంటిపేరు చూసి చేశాను’ అంది అవతలి గొంతు. గుంటూరు దగ్గర పల్లె. కొడుకు తొమ్మిది రోజులుగా ఫోను ఎత్తడం లేదు. ‘వాడు కాలేజీకి వెళుతున్నాడా లేదా, అదొక్కటి చెప్పు తల్లీ.’ నా ముందు కంప్యూటరులో ఆ అబ్బాయి రికార్డు తెరిచే ఉంది. రెండు సబ్జెక్టులు తప్పాడు, ప్రొబేషన్‌లో ఉన్నాడు, ఆ సెమిస్టరు తరగతులకు వెళ్లడమే మానేశాడు. ఫెర్పా ప్రకారం ఇందులో ఒక్క ముక్క కూడా నేను ఆ తల్లికి చెప్పకూడదు. అమెరికా పన్నుల లెక్కలో తల్లిదండ్రుల మీద ఆధారపడినవాడిగా నమోదైతే కళాశాల వాళ్లకు చెప్పవచ్చు. గుంటూరులో ఉన్న తల్లికి అమెరికా పన్నుల ఫారం ఎక్కడుంది? ఇల్లు తాకట్టు పెట్టి చదివిస్తున్నా సరే, చట్టం దృష్టిలో ఆమె మూడో మనిషి.

చట్టంలో సందులు ఉన్నాయి, అవి తెలియడమే మా వృత్తి. రికార్డులో ఉన్నది చెప్పకూడదు కానీ, కంటితో చూసినది రికార్డు కాదు. ప్రాంగణ పోలీసులను పంపి తలుపు కొట్టించాను. గంట తరువాత ఆమెకు ఫోను చేసి ‘మావాళ్లు మీ అబ్బాయిని చూశారమ్మా, క్షేమంగా ఉన్నాడు, అన్నం తిన్నాడు’ అన్నాను. అంతవరకే. మరునాడు అబ్బాయిని పిలిచి కూర్చోబెట్టాను. ‘ఇక్కడి నుంచే మీ అమ్మకు ఫోను చెయ్యి. ఏం చెప్పాలో నీ ఇష్టం, చెయ్యడం మాత్రం తప్పదు’ అన్నాను. అరగంట కదలకుండా కూర్చుని తరువాత చేశాడు.

ఆ రాత్రి నుంచి నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది. మాస్టర్స్‌లో మేము చదువుకున్న సిద్ధాంతాల్లో ఇల్లు అంటే వదిలి రావలసిన చోటు. విద్యార్థులు చదువు మధ్యలో ఎందుకు మానేస్తారో వివరించిన టింటో 1975 నాటి నమూనా, పాత సమాజం నుంచి విడివడి కొత్త సమాజంలో కలిసిపోవడం అనే లెక్క మీద నడుస్తుంది. 1969లో చికరింగ్ చెప్పిన ఎదుగుదలలోనూ స్వతంత్రత ఒక మెట్టు. మరి, ఇంటి అప్పు వీపున మోసుకుని వచ్చినవాడు ఇంటి నుంచి ఎలా విడివడతాడు? అతన్ని నిలబెడుతున్నదీ ఆ ఇల్లే, నోరు నొక్కుతున్నదీ ఆ ఇల్లే. ఈ మాట నేనే కనిపెట్టానని గర్వపడ్డాను. చదవడం మొదలుపెట్టాక 1992లోనే టియర్నీ అనే పరిశోధకుడు టింటోను ఇదే విషయంలో విమర్శించాడని, టింటో స్వయంగా తన నమూనాను సవరించుకున్నాడని, 2005లో టారా యోస్సో కుటుంబాన్ని ఒక పెట్టుబడిగా లెక్కించమని రాసిందని తెలిసింది. గర్వం పోయింది కానీ ప్రశ్న పోలేదు. యోస్సో చెప్పిన కుటుంబం బలమిచ్చే కుటుంబం. నేను చూసిన కుటుంబం బలమూ ఇస్తుంది, భయమూ పెడుతుంది. ఆ సందులోనే నా సిద్ధాంత వ్యాసం పుట్టింది.

రాయడం ఎలా సాగిందో కూడా చెప్పాలి, ఎందుకంటే ప్రకటన పత్రాల్లో ఇవి ఉండవు. మనుషుల మీద చేసే పరిశోధనకు అనుమతి ఇచ్చే సంఘం నన్ను మొదటే ఆపింది. ‘మీ కార్యాలయానికి సహాయం కోసం వచ్చేవాళ్లను మీరే ఇంటర్వ్యూ చేస్తే వాళ్లు కాదనగలరా?’ అని అడిగారు. సరైన ప్రశ్న. మీరు హాస్టల్లో మీ దగ్గరే ఉన్న పిల్లల మీద పరిశోధన చేయాలనుకుంటే ఈ గోడ మీకూ తగులుతుంది, ముందే తెలుసుకోండి. చివరికి వేరే రెండు ప్రాంగణాల్లో 17 మందితో తెలుగులో మాట్లాడాను. అప్పుడు ఇంకో చిక్కు. దాదాపు ప్రతి ఇంటర్వ్యూలో ‘పరువు’ అనే మాట వచ్చింది. దానికి ఇంగ్లీషు ఏమిటని కమిటీ అడిగింది. గౌరవమా, ప్రతిష్ఠా, నలుగురిలో మాటా? ఒక అబ్బాయి ‘అప్పు తీర్చగలను గానీ పరువు తీర్చలేను’ అన్నాడు. దాన్ని ఏ నిఘంటువుతో అనువదించాలి? చివరికి ఆ మాటను అలాగే ఉంచి, దాని మీద ఆరు పేజీలు రాశాను. వైవాలో ఎక్కువసేపు మాట్లాడించింది ఆ ఆరు పేజీలే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పాఠాలన్నీ అయిపోయి, సమగ్ర పరీక్ష రాసి, ఇక సిద్ధాంత వ్యాసం మాత్రమే మిగిలిన చోట చాలామంది ఆగిపోతారు. వారానికొక తరగతి ఉన్నంతకాలం బండి దానంతట అదే కదులుతుంది. తరగతులు అయిపోయాక మిమ్మల్ని అడిగేవారు ఉండరు. పగలంతా ఉద్యోగం, రాత్రి డ్యూటీ ఫోను, మధ్యలో ఎవరూ ఎదురుచూడని మూడో అధ్యాయం. అమెరికాలో మిగతా రంగాలతో పోలిస్తే విద్యారంగ డాక్టరేట్లకు పట్టే కాలమే ఎక్కువ, వాటిని చేసేవారిలో చాలామంది ఉద్యోగాల్లో ఉండటం ఒక కారణం. నా తోటివాళ్లలో మధ్యలో ఆగిన ముగ్గురూ నాకన్నా తెలివైనవాళ్లే. ముగ్గురికీ విషయం గైడు ఇచ్చింది. తమది కాని ప్రశ్న కోసం శనివారాలు ఎన్నాళ్లు వదులుకుంటారు?

డబ్బు. ఫీజు మాఫీ అంటే పూర్తిగా ఉచితం కాదు. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నాను. విశ్వవిద్యాలయ ఉద్యోగికి యజమాని ఇచ్చే పైచదువుల ఫీజు మాఫీలో ఏడాదికి 5,250 డాలర్ల వరకే పన్ను ఉండదు. అది దాటితే మిగతాదాన్ని జీతంగా లెక్కించి పన్ను కోస్తారు. నేను మొదటి ఏడాది ఉత్సాహంగా వసంతంలో రెండు, వేసవిలో రెండు, శరత్తులో రెండు కోర్సులు తీసుకున్నాను. నవంబరు, డిసెంబరు జీతం చీటీలు చూసి ఏదో పొరపాటు జరిగిందని జీతాల విభాగానికి పరుగెత్తాను. పొరపాటేమీ లేదు. అక్కడి గుమస్తా చిరునవ్వుతో ఆ నియమం ప్రింటు తీసి ఇచ్చింది. ఆ తరువాత కోర్సులను ఏడాది పొడవునా ఆ పరిమితి చూసుకుంటూ పంచుకున్నాను. మీరు చేరకముందే జీతాల విభాగంలో అడగండి, చదువు చెప్పే విభాగంలో కాదు. పూర్తికాలం విద్యార్థిగా బోధన లేదా పరిశోధన సహాయకుడిగా పనిచేస్తే వచ్చే ఫీజు మాఫీకి ఈ పరిమితి లేదు. కానీ అప్పుడు జీతం పోయి స్టయిపెండ్ వస్తుంది. కుటుంబం ఉంటే ఆ తేడా గట్టిగానే తెలుస్తుంది.

సొంత డబ్బు పోసి ఆన్‌లైన్‌లో చేయవచ్చా అని అడగబోతున్నారని తెలుసు. మంచి ఆన్‌లైన్ ఎడ్.డి.లు ఉన్నాయి. అయితే నాకు తెలిసిన ఒకావిడ, ‘18 నెలల్లో డాక్టర్ అవ్వండి’ అన్న ప్రకటన చూసి చేరి, సిద్ధాంత వ్యాసం దగ్గర నాలుగేళ్లు ఇరుక్కుంది. ప్రతి సెమిస్టరుకూ కొనసాగింపు ఫీజు. గైడు మూడుసార్లు మారాడు. ఏ ప్రోగ్రామునైనా మూడు ప్రశ్నలు అడగండి: చేరినవాళ్లలో ఎంతమంది ముగించారు, సగటున ఎన్నేళ్లలో ముగించారు, ఒక్కో గైడు దగ్గర ఎంతమంది ఉన్నారు. సూటిగా జవాబు రాకపోతే అదే జవాబు.

వీసా విషయంలో నేను న్యాయవాదిని కాను, తప్పకుండా ఒకరిని కలవండి. నా పనిలో రోజూ చూసేది మాత్రం చెబుతాను. హెచ్‌-1బి మీద ఉద్యోగం చేస్తూ సాయంత్రం చదువుకోవడానికి అడ్డు లేదు. ఉద్యోగం మానేస్తే ఎఫ్-1 అనే విద్యార్థి వీసాకు మారాలి, అప్పుడు పూర్తికాలం చదవాలి, సెమిస్టరు నడిచే రోజుల్లో ప్రాంగణంలో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. గ్రీన్‌కార్డు కోసం దరఖాస్తు నడుస్తుంటే, తిరిగి స్వదేశం వెళతానని చూపించాల్సిన విద్యార్థి వీసాతో అది పొసగదు. డిగ్రీ అయ్యాక వచ్చే పని అనుమతి ఒక్క ఏడాదే. మన ఇంజనీర్లకు దొరికే అదనపు 24 నెలలు ఈ శాఖకు లేవు. విద్యారంగంలోనే గణాంకాలు, మూల్యాంకన పరిశోధన వంటి కొన్ని శాఖలకు ఆ సౌకర్యం ఉంది, కాబట్టి పీహెచ్‌డీయే అనుకుంటే ఆ వైపు కూడా ఒక చూపు వేయండి. విశ్వవిద్యాలయాలకు హెచ్‌-1బి లాటరీ బెడద లేకపోవడం మన వృత్తికి ఉన్న వరం. అయితే 2025 సెప్టెంబరులో వచ్చిన లక్ష డాలర్ల రుసుము దేశం బయట ఉన్నవారి కోసం వేసే కొత్త పిటిషన్లను తాకుతుంది. ఉన్న హోదా వదులుకుని ఇండియా వెళ్లి మళ్లీ వద్దామనుకునే ఆలోచన ఉంటే ముందే లెక్క వేసుకోండి. ఇది కూడా నేను ఉద్యోగం మానవద్దనడానికి పెద్ద కారణం.

గైడును ఎంచుకోవడం గురించి ఒక్క మాటే. విశ్వవిద్యాలయం పేరుకన్నా ఆ మనిషి ముఖ్యం. ఆ మనిషి వెళ్లిపోతే ఏమవుతుందన్నది అంతకన్నా ముఖ్యం. నా మొదటి గైడు మూడో ఏడు వేరే రాష్ట్రానికి వెళ్లిపోయారు. రెండో గైడుకు నా విషయం కొత్త, ఎనిమిది నెలలు పోయాయి. మీ విషయంలో ఆసక్తి ఉన్నవాళ్లు కనీసం ఇద్దరు ఉన్న విభాగంలోనే చేరండి.

ఉద్యోగాల మార్కెట్ ఇప్పుడు ఎగుడుదిగుడుగా ఉంది. టెక్సస్‌లో 2024 జనవరి 1 నుంచి అమలైన చట్టంతో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో వైవిధ్య కార్యాలయాలు (అన్ని జాతుల, వర్గాల విద్యార్థులనూ కలుపుకుపోయే పని చూసేవి) మూతపడ్డాయి. ఫ్లోరిడా, ఒహాయో కూడా అదే దారి పట్టాయి. ఆ పనినే నమ్ముకుని డాక్టరేట్ చేసిన నా స్నేహితులు కొందరు మళ్లీ మొదటి నుంచి వెతుక్కుంటున్నారు. వసతి, క్రమశిక్షణ విచారణలు, విద్యార్థుల సంక్షోభ సహాయం వంటివి మాత్రం ఏ ప్రభుత్వం వచ్చినా ఆగవు. మీ పరిశోధన విషయం ఏదైనా, చేతిలో ఇలాంటి పని అనుభవం ఒకటి ఉంచుకోండి. హాస్టల్ పనిని చిన్నచూపు చూడకండి, రాత్రి రెండు గంటలకు మంటల అలారం మోగినప్పుడు నాలుగు వందల మందిని మెట్లు దింపినవాడికి సంక్షోభ నిర్వహణ గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

తిరిగి హైదరాబాదు వెళితే? ఇక్కడ మిమ్మల్ని ఊరించను. అధ్యాపక ఉద్యోగానికైతే పీహెచ్‌డీ లెక్కకు వస్తుంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ప్రపంచ ర్యాంకుల్లో మొదటి 500లో ఉన్న విదేశీ విశ్వవిద్యాలయం పీహెచ్‌డీ ఉంటే నెట్ అనే అర్హత పరీక్ష లేకుండానే సహాయ ఆచార్య పదవికి అర్హత. ఎడ్.డి.ని పీహెచ్‌డీతో సమానంగా చూస్తారన్న భరోసాతో వెళ్లవద్దు. ఆ ఆలోచన గట్టిగా ఉంటే మీ నిర్ణయం పీహెచ్‌డీ వైపు మొగ్గాలి. ఇక విద్యార్థి వ్యవహారాలు అనే విడి వృత్తి మన దగ్గర ఇంకా అంకురం దశలోనే ఉంది. అయితే నేల కదులుతోంది. 2025 మార్చిలో ఉన్నత విద్యాసంస్థల్లో విద్యార్థుల ఆత్మహత్యలను అరికట్టే మార్గాలు చూడమని సుప్రీంకోర్టు జస్టిస్ రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ కార్యదళాన్ని వేసింది. అదే ఏడాది జూలైలో, విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి మరణం కేసులో తీర్పునిస్తూ, వందమంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలరు ఉండాలని ఆదేశించింది. ఈ ఆదేశాలను కాగితం మీద నుంచి హాస్టల్ గదుల దాకా తీసుకువెళ్లే మనుషులు కావాలి. వాళ్లకు ఎంత జీతం ఇస్తారు, ఏ పదవి ఇస్తారు అన్నది ఇంకా తేలలేదు. మార్గం వేసేవాళ్లలో ఒకరవుదామనుకుంటే వెళ్లండి. వేసిన మార్గం మీద నడుద్దామనుకుంటే ఇంకొంత కాలం ఆగండి.

చివరిగా, ఈ ఏడాది చేయగలిగినవి. మీ విభాగంలో విద్యార్థుల లెక్కలు, సర్వేలు చూసే పని ఏదైనా అడిగి తీసుకోండి, గణాంకాల భయం పోతుంది. మీ విశ్వవిద్యాలయంలోనే పరిశోధన పద్ధతుల కోర్సు ఒకటి, డిగ్రీలో చేరకుండానే చదవండి. అక్కడ విసుగొస్తే నష్టం ఒక సెమిస్టరు మాత్రమే. ఇద్దరు ముగ్గురు ప్రొఫెసర్లకు వాళ్ల వ్యాసం చదివి, దాని గురించి ఒక పేరా ఈమెయిలు రాయండి. ‘మీ దగ్గర సీటు ఉందా’ అని మొదటి ఉత్తరంలో అడగకండి. చాలా చోట్ల దరఖాస్తు గడువు డిసెంబరులో ముగుస్తుంది, సిఫారసు లేఖలు సెప్టెంబరులోనే అడిగి పెట్టుకోవాలి.

ఇంకా ఒక పాత నోటుపుస్తకం పెట్టుకోండి. డ్యూటీ ఫోను వచ్చిన ప్రతి రాత్రి, రిపోర్టులో రాయలేనిది ఏదైనా ఉంటే, పేర్లూ గది నంబర్లూ లేకుండా రెండు వాక్యాలు అందులో రాయండి. ఏడాది తరువాత తిరగేసి చూసి, అందులో ఒకే విషయం మళ్లీ మళ్లీ వచ్చి ఉంటే అప్పుడు ఇక్కడే రాయండి. ఏ ప్రోగ్రాముకు, ఏ గైడుకు అది సరిపోతుందో కలిసి చూద్దాం.